సైక్లోన్ టేలర్: డబ్బుకు అమ్ముడుపోయిన ఆటగాడా, తన విలువ తెలిసిన పనివాడా?

మంచుబాట (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న తొలితరం ఐస్ హాకీ గురించి మాట్లాడుకుంటుండగా ఒక సభ్యులు "ఆ ఆటకు డబ్బు జబ్బు అంటించింది సైక్లోన్ టేలర్" అని రాశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. దాని మీద విడిగా మాట్లాడుకోవాలనే ఈ చర్చ పెడుతున్నాను.

తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళతాను. అసలు పేరు ఫ్రెడ్ టేలర్. కెనడాలో ఒంటారియో రాష్ట్రం, టారా అనే ఊళ్లో పుట్టి లిస్టొవెల్‌లో పెరిగాడు. 1904లో టొరంటో మార్ల్‌బరోస్ జట్టు తమకు ఆడమని పిలిచింది. టేలర్ రానన్నాడు. అంతే, ఒంటారియో హాకీ సంఘం కార్యదర్శి డబ్ల్యూ. ఎ. హ్యూవిట్ ఆయన్ను రాష్ట్రంలో ఎక్కడా ఆడకుండా చేశాడు. ఇక్కడ గమనించండి, టేలర్ అప్పటికి ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆటలో ఎవరినీ గాయపరచలేదు. ఫలానా జట్టుకు ఆడనన్నాడు. ఆ ఒక్క మాటకు ఇరవై ఏళ్ల కుర్రవాడు 1904–05 సీజన్ మొత్తం మంచు మీద అడుగుపెట్టకుండా కూర్చోవలసి వచ్చింది.

ఔత్సాహిక క్రీడ పవిత్రమైనదని, డబ్బు దాన్ని మైల చేస్తుందని ఆ సంఘం పెద్దలు చెప్పేవారు. వారి పవిత్రత ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1898లో బెర్లిన్ (ఇప్పటి కిచెనర్) జట్టు ఒక ఆట గెలిచిందన్న సంతోషంతో ఊరి మేయర్ ఆటగాళ్లకు తలా ఒక పది డాలర్ల బంగారు నాణెం ఇచ్చాడు. ఆ కానుక పుచ్చుకున్నందుకు జట్టు జట్టునే సంఘం నుంచి వెలివేశారు. ఆ జట్టులో ఆడిన జాక్ గిబ్సన్ ఆ తర్వాత పళ్ల డాక్టరై అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం హౌటన్‌లో స్థిరపడ్డాడు. సుపీరియర్ సరస్సు దగ్గరి రాగి గనుల ఊరు అది. గనుల్లో డబ్బు ఆడుతోంది, చలికాలం పొడవు, జనానికి కాలక్షేపం కావాలి. 1904లో అక్కడ ఐదు జట్లతో అంతర్జాతీయ వృత్తి హాకీ లీగ్ మొదలైంది. దొంగచాటుగా కాకుండా బాహాటంగా జీతాలిచ్చిన మొదటి హాకీ లీగ్ ఇదే.

టేలర్ మానిటోబాలో కొన్ని ఆటలు ఆడి, 1906 ఆరంభంలో హౌటన్ చేరాడు. సీజన్‌లో మిగిలిన ఆటలకు 400 డాలర్లు, పైగా ఖర్చులు. 1906లోనూ 1907లోనూ ఆ జట్టే లీగ్ విజేత.

నా వాదన ఇదీ: సొంత రాష్ట్రంలో ఆడనివ్వనివారే ఆయన్ను వృత్తి ఆటగాణ్ణి చేశారు. అలాంటి మనిషిని అమ్ముడుపోయాడనడం అన్యాయం. మీరేమంటారు?

గోదారిగట్టు

ఆ మాట రాసింది నేనే కాబట్టి జవాబు చెప్పాలి.

హౌటన్ వెళ్లడం మీద నాకు అభ్యంతరం లేదు. దారులన్నీ మూసేస్తే ఎవరైనా ఏం చేస్తారు? నా అభ్యంతరం 1909 డిసెంబరులో జరిగినదాని మీద. అప్పటికి టేలర్‌కు తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. 1907లో ఒట్టావా జట్టు పిలిచి సీజన్‌కు 500 డాలర్లు ఇచ్చింది. దానితోపాటు కేంద్ర ప్రభుత్వ ఇమ్మిగ్రేషన్ శాఖలో గుమస్తా ఉద్యోగం కూడా ఇప్పించింది. ఆటగాడికి మంచు కరిగిపోయాక కూడా అన్నం పెట్టే ఏర్పాటు అది. సైక్లోన్ అనే పేరు కూడా అక్కడే వచ్చింది. ఆయన పరుగు చూసి గవర్నర్ జనరల్ ఎర్ల్ గ్రే ఆ మాట అన్నాడని చెబుతారు. 1909లో స్టాన్లీ కప్ (కెనడా హాకీలో అన్నిటికన్నా పెద్ద బహుమతి) ఒట్టావాకు వచ్చింది. ఊరు ఆయన్ను నెత్తిన పెట్టుకుంది.

మరి ఆ ఏడాది చివర్లో ఏం చేశాడు? అదే ఒట్టావా లోయలోని రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరికి వెళ్లిపోయాడు. కోబాల్ట్ వెండి గనుల్లోనూ రైలు కాంట్రాక్టుల్లోనూ కోట్లు గడించిన ఓబ్రయన్ కుటుంబం తమ ఊరికి స్టాన్లీ కప్ కొనితేవాలనుకుంది. పన్నెండు ఆటల సీజన్‌కు టేలర్‌కు 5,250 డాలర్లని అప్పటి పత్రికలు రాశాయి. ఒక్కో ఆటకు 437 డాలర్ల పైచిలుకు. రెండేళ్ల కిందట మొత్తం సీజన్‌కు 500 పుచ్చుకున్న మనిషికి!

ఇంత చేసి ఫలితం ఏమిటి? పేరుమోసిన ఆటగాళ్లు లెస్టర్ పాట్రిక్, ఫ్రాంక్ పాట్రిక్ అన్నదమ్ములను తెచ్చారు, మధ్యలో న్యూజీ లలోండ్‌నూ తెచ్చారు. ఆ ఏడాది టైటిల్, స్టాన్లీ కప్ రెండూ మాంట్రియల్ వాండరర్స్‌కే పోయాయి. 1911 సీజన్ తర్వాత రెన్‌ఫ్రూ జట్టే లేదు. ఈ వేలంపాట చూసి బెదిరిపోయిన యజమానులు 1910–11లో జట్టు మొత్తం జీతాలకు 5,000 డాలర్ల పరిమితి పెట్టారు. అంటే మునుపటి ఏడాది టేలర్ ఒక్కడికి ముట్టినంత కూడా జట్టంతటికీ లేదు. ఒకరి ఒప్పందం బరువు మామూలు ఆటగాళ్లందరి మీదా పడింది. నేను జబ్బు అన్నది దీన్ని.

శ్రమజీవి

గోదారిగట్టు గారూ, పరిమితి పెట్టింది టేలర్ కాదు కదా. యజమానులు కూడబలుక్కుని పెట్టారు. దాన్ని ఎదిరించింది ఆటగాళ్లే. ఆర్ట్ రాస్, బ్రూస్ స్టువర్ట్ లాంటివాళ్లు సొంతంగా లీగ్ పెట్టుకోవాలని చూశారు. రింకులన్నీ (ఆడే మంచు మైదానాలన్నీ) యజమానుల చేతుల్లో ఉన్నందువల్ల ఆడటానికి చోటు దొరకక ఆగిపోయారు. నేరం ఎవరిదో అక్కడే తెలుస్తోంది.

ఇంకొక విషయం. ఓబ్రయన్ల డబ్బును మీరు రెన్‌ఫ్రూ ఓటమితో ముగించేశారు. ఉన్న లీగ్ రెన్‌ఫ్రూను చేర్చుకోనంటే, అంబ్రోస్ ఓబ్రయన్ వాండరర్స్‌తో కలిసి 1909 డిసెంబరులో నేషనల్ హాకీ అసోసియేషన్ పెట్టాడు. మాంట్రియల్‌లో ఫ్రెంచివాళ్ల కోసం ఒక జట్టు ఉండాలని అదే డబ్బుతో ఇంకొక జట్టును నిలబెట్టారు. దాని పేరు కెనడియన్స్. ఈ రోజుకీ ఆడుతోంది. 1917లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ (ఇప్పటి పెద్ద హాకీ లీగ్) కూడా ఆ అసోసియేషన్ నుంచే పుట్టింది. డబ్బు జబ్బయితే, ఇప్పుడు మనం చూస్తున్న హాకీ మొత్తం ఆ జబ్బుతోనే పుట్టిందనాలి.

ఆనాటి ఆటగాడికి వెనకాల ఏముందో కూడా చూడండి. బ్రూస్ అన్న హాడ్ స్టువర్ట్ ఆ రోజుల్లో పేరుమోసిన డిఫెన్స్ ఆటగాడు. 1907 మార్చిలో వాండరర్స్ తరఫున స్టాన్లీ కప్ గెలిచాడు. అదే జూన్‌లో ఈతకు వెళ్లి, లోతు లేని చోట నీళ్లలోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు. వాళ్లకు పింఛను లేదు, బీమా లేదు. 1908 జనవరిలో మాంట్రియల్‌లో మిగతా ఆటగాళ్లంతా కలిసి ఒక ఆట ఆడి, వచ్చిన రెండు వేల డాలర్ల పైచిలుకును ఆ కుటుంబానికి ఇచ్చారు. ఆ ఏడాదే ఒట్టావాకు ఆడుతున్న టేలర్‌కు ఇదంతా తెలియకుండా ఉంటుందా? రెండేళ్ల తర్వాత ఎవరో 5,250 ఇస్తానంటే వద్దనాలా?

ఐపీఎల్ వేలంలో మన కుర్రవాడు కోట్లు పలికితే మిఠాయిలు పంచుకునే మనం, 1909లో ఒక చిన్న ఊరి కుర్రవాడు ధర అడిగితే తప్పు పట్టడం నాకు అర్థం కాదు.

పాతరికార్డు

డబ్బు సంగతి మీరు తేల్చుకోండి. ఆ డబ్బుకు ఆయన తగినవాడా అనే ప్రశ్న ఎవరూ అడగలేదు.

ముందుగా ఆ వెనక్కి తిరిగి కొట్టిన గోలు. రెన్‌ఫ్రూ తరఫున ఒట్టావాకు వెళ్లేముందు, వాళ్ల డిఫెన్స్ మధ్యనుంచి వెనక్కి స్కేటింగ్ చేస్తూ గోలు కొడతానని టేలర్ సవాలు చేశాడన్నది ప్రచారం. పత్రికలు దాన్ని పట్టుకుని ఊరంతా ఊదాయి. 1910 ఫిబ్రవరి 12న ఒట్టావాలో ఆట. నిరుడు జేజేలు కొట్టిన జనమే నిమ్మకాయలు, సీసాలు, గుర్రప్పేడ విసిరారు. ఒట్టావా 8–5తో గెలిచింది. వెనక్కి తిరిగి కొట్టిన గోలు లేదు. మార్చి 8న రెన్‌ఫ్రూలో మళ్లీ ఆడారు. ఈసారి రెన్‌ఫ్రూ 17–2తో గెలిచింది. ఆ ఆటలో టేలర్ పక్ (హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందుకుని దూసుకెళ్లి, తిరిగి, కొంతదూరం వెనక్కే జారుతూ వచ్చి గోలు కొట్టాడని స్థానిక పత్రిక రాసింది. జట్టు జట్టునంతా వెనక్కి నడుస్తూ దాటేశాడన్న కథ తర్వాత తర్వాత పెరిగింది. కథను పక్కన పెట్టినా, ఆనాటి స్కేట్ల మీద, ఆనాటి మంచు మీద, ఆట మధ్యలో అలా తిరిగి గురిపెట్టడం చిన్న విషయం కాదు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. ఒట్టావాలోనూ రెన్‌ఫ్రూలోనూ ఆయన డిఫెన్స్ ఆటగాడు. వెనకనుంచి పక్ తీసుకుని మైదానం పొడవునా పరుగెత్తడమే ఆయన ప్రత్యేకత. పక్‌ను ముందున్న ఆటగాడికి పాస్ ఇవ్వడం నిషిద్ధమైన రోజులవి. పక్ ముందుకు కదలాలంటే మనిషి మోసుకుపోవాలి. వేగం ఉన్నవాడికి అంత విలువ రావడం అందుకే. 1912లో వాంకూవర్ వెళ్లాక రోవర్‌గా మారాడు. అంటే ఏడుగురి ఆటలో దాడికీ రక్షణకూ మధ్య ఎక్కడ అవసరమైతే అక్కడ ఉండే మనిషి. పాట్రిక్ సోదరులు వాళ్ల నాన్న కలప వ్యాపారం డబ్బుతో వాంకూవర్‌లో, విక్టోరియాలో కృత్రిమ మంచు రింకులు కట్టి పసిఫిక్ కోస్ట్ లీగ్ నడుపుతున్నారు. వాళ్లు రింకు మీద నీలి గీతలు గీసి, మధ్య భాగంలో ముందుకు పాస్ ఇవ్వడానికి అనుమతించారు. ఆ మార్పులో టేలర్ మరింత వెలిగాడు. ఆ లీగ్‌లో ఐదుసార్లు అత్యధిక పాయింట్లు (గోల్స్, గోలుకు సాయపడిన పాస్‌లు కలిపి) ఆయనవే. 1917–18లో 18 ఆటల్లో 32 గోల్స్. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు.

అదే సీజన్‌లో తూర్పున ఎన్‌హెచ్‌ఎల్‌లో జో మలోన్ 20 ఆటల్లో 44 గోల్స్ కొట్టాడు కదా అని ఎవరైనా అడుగుతారు. మలోన్ గోల్స్ కొట్టడంలో సాటిలేనివాడు, ఒప్పుకుంటాను. కానీ డిఫెన్స్‌లో కప్పు గెలిచి, రోవర్‌గా మరో కప్పు గెలిచి, రెండు చోట్లా అందరికన్నా ఎత్తున నిలబడినవాణ్ణి ఆ తరంలో ఇంకొకరిని చూపించండి. 1915లో వాంకూవర్ ఒట్టావానే 6–2, 8–3, 12–3తో వరుసగా మూడు ఆటల్లో ఓడించింది. ఆ నగరానికి ఇప్పటికీ అదొక్కటే స్టాన్లీ కప్.

వాంకూవర్ తెలుగు

ఇంతమంది ఇంత రాశారు. 1914 వేసవి గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట రాయలేదు. ఈ ఊళ్లో ఉంటున్నదాన్ని, నేను రాయాలి.

1914 మే 23న కొమగాటమారు ఓడ వాంకూవర్ రేవుకు వచ్చింది. అందులో 376 మంది భారతీయులు, ఎక్కువమంది పంజాబీ సిక్కులు. కెనడా లాగే భారతదేశమూ బ్రిటిష్ ఏలుబడిలోనే ఉంది కాబట్టి వాళ్లూ అదే రాజు ప్రజలు. కానీ పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో రావాలి, చేతిలో 200 డాలర్లు ఉండాలి అని కెనడా నిబంధనలు పెట్టింది. భారత్ నుంచి అలా నేరుగా వచ్చే ఓడే లేనప్పుడు ఆ నిబంధన ఎవరి కోసమో చెప్పనవసరం లేదు. ఓడ ఆ సముద్రపాయలోనే రెండు నెలలు నిలిచిపోయింది. తిండికీ నీళ్లకూ కటకటలాడారు. మొత్తంమీద ఇరవై నలుగురిని మాత్రం దిగనిచ్చి, జులై 23న యుద్ధనౌకను పక్కన పెట్టి మిగిలినవాళ్లను వెనక్కి పంపేశారు. సెప్టెంబరు చివర్లో కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో పోలీసు కాల్పుల్లో దాదాపు ఇరవై మంది చనిపోయారు.

ఆ ఓడను మొట్టమొదట కలిసిన ఇమ్మిగ్రేషన్ అధికారి ఫ్రెడ్ టేలర్. మన సైక్లోనే.

ఈ ఓడ గోడు పంజాబీలది మాత్రమే అనుకోకండి. అప్పటికే కాలిఫోర్నియాలో చదువుతూ, బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్య గారు మన కనిగిరివారు. ఆ పార్టీవాళ్లకు ఈ ఓడ ఎంత మంట రగిలించిందో చరిత్ర చదివినవారికి తెలుసు.

వాంకూవర్ 1915లో కప్పు గెలిచిన డెన్మన్ అరీనా కోల్ హార్బర్ ఒడ్డున ఉండేది. 1936లో తగలబడిపోయింది. ఇప్పుడు అదే ఒడ్డున కొమగాటమారు స్మారకం ఉంది. దాని మీద ప్రయాణికుల పేర్లు చదువుతూ నిలబడినప్పుడు ఐదుసార్లు అత్యధిక పాయింట్ల లెక్క నా మనసుకు ఎక్కదు.

మంచుబాట

వాంకూవర్ తెలుగు గారూ, మీ బాధ నాదీ. అయినా ఒక్క విషయం అడగాలి. ఆ ఓడ మీద నిర్ణయాలు తీసుకున్నది టేలర్ కాదు. అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖకు అధిపతి మాల్కం రీడ్, బయటనుంచి ఉసిగొలిపింది స్టీవెన్స్ అనే ఎంపీ, పైన ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం, కోర్టులు. టేలర్ కింది అధికారి. ఆ ఉద్యోగం వేరు, హాకీ వేరు. మనం ఇక్కడ ఆటగాడి జీవితాన్ని తూచుతున్నాం కదా?

వాంకూవర్ తెలుగు

వేరు కాదండీ. మీ చర్చలోనే జవాబు ఉంది.

ఆ ఉద్యోగం ఆయనకు ఎలా వచ్చింది? ఒట్టావాకు ఆడటానికి 500 డాలర్లతోపాటు ఇప్పించారని పైన గోదారిగట్టు గారు రాశారు. అంటే అది హాకీ జీతంలో ఒక భాగమే. వాంకూవర్ రేవుకు ఎలా వచ్చాడు? పాట్రిక్‌ల జట్టుకు ఆడటానికి వచ్చాడు, ఉద్యోగమూ ఇక్కడికి మారింది. హాకీ లేకపోతే ఆ ఓడకు ఎదురువెళ్లిన అధికారి ఆయన అయ్యేవాడు కాదు. ఆ ఉద్యోగంలోనే ఎదిగి బ్రిటిష్ కొలంబియా, యూకాన్‌లకు ఇమ్మిగ్రేషన్ కమిషనర్ అయ్యాడు, 1946లో బ్రిటిష్ రాజు బిరుదు అందుకున్నాడు, 1950లో రిటైరయ్యాడు. మధ్యలో, 1947లో, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. రెండు జీవితాలూ పక్కపక్కనే నడిచాయి.

ఈ చర్చ శీర్షికలో టేలర్‌ను పనివాడు అన్నారు. బాగుంది. పని కోసం ఒంటారియో నుంచి మానిటోబాకు, అక్కడినుంచి అమెరికాకు, మళ్లీ కెనడాకు ఎవరి అనుమతీ అడగకుండా తిరిగిన పనివాడు. ఓడలో ఉన్నవాళ్లూ పని కోసమే వచ్చారు. కింది అధికారి అన్న మాట తోసిపుచ్చను. ఆయన క్రూరుడని కూడా నేను అనడం లేదు. ఆయన కథ చెప్పేటప్పుడు ఈ ముక్క తీసేసి చెప్పకండి అంటున్నాను. 2016 మే 18న కెనడా ప్రధాని పార్లమెంటులో నిలబడి ఆ ఓడకు క్షమాపణ చెప్పాడు. దేశమే తలవంచి ఒప్పుకున్నదాన్ని అభిమానులు దాచడం దేనికి?

శ్రమజీవి

ఒప్పుకుంటున్నాను. సంచారం హక్కు ఆటగాడికి ఒక న్యాయం, కూలీకి ఒక న్యాయం అంటే నేను పైన రాసినదానికి విలువ ఉండదు. కార్మికుడనే మాట టేలర్‌కు వాడితే గురుదిత్ సింగ్ అద్దెకు తీసుకొచ్చిన ఆ కొమగాటమారు ఓడలో ఉన్నవాళ్లకు ముందు వాడాలి.

కానీ "డబ్బుకు అమ్ముడుపోయాడు" అన్న మొదటి ఆరోపణ ఇంకా అలాగే ఉంది. దానికి ఒక సాక్ష్యం చెప్పి ఆపుతాను. రెన్‌ఫ్రూ మూతపడ్డాక ఆ ఆటగాళ్లను మిగిలిన జట్లు చీట్లు వేసి పంచుకున్నాయి. టేలర్ పేరు వాండరర్స్ చీటీలో వచ్చింది. మనిషిని అడగలేదు. ఒట్టావాలో ఉద్యోగం ఉంది, పెళ్లాడబోయే థర్జా కుక్ అక్కడే ఉంది, అందుకని ఒట్టావాకే ఆడతానన్నాడు. లీగ్ ఒప్పుకోలేదు. 1911–12 సీజన్ దాదాపు మొత్తం ఆడకుండా కూర్చున్నాడు గానీ మాంట్రియల్ వెళ్లలేదు. ఆ తర్వాత వాంకూవర్‌లో ముట్టింది కూడా రెన్‌ఫ్రూ డబ్బులో సగానికన్నా తక్కువే. డబ్బే లోకమైనవాడు ఇలా చేస్తాడా?

గోదారిగట్టు

ఆ సీజన్ సంగతి బలమైన సాక్ష్యమే, కాదనను. చీట్లు వేసి మనుషులను పంచుకోవడం నాకూ అసహ్యం. "అమ్ముడుపోయాడు" అనే మాట ఇకపై వాడను.

అయినా 1910 ఫిబ్రవరిలో ఒట్టావా జనం కోపం నాకు అర్థమవుతుంది. ప్రభుత్వ ఉద్యోగం వేయించి, కప్పు గెలిచిన జట్టులో నిలబెట్టిన ఊరిని ఒక్క చలికాలం గడవకుండా వదిలేశాడు. జీతం ఎంత అడిగినా తప్పులేదు. నాకు ఇంత ఇస్తారా అని ఒట్టావాను మొదట అడిగి, వాళ్లు కాదన్నాక వెళ్లినవాణ్ణి ఎవరూ తిట్టరు. వెళ్లిన జట్టు వేరే రాష్ట్రంలో ఉన్నా ఇంత మంట ఉండేది కాదు. అరవై మైళ్ల దూరంలో ఉన్న ఊరికి వెళ్లి, పైగా వెనక్కి తిరిగి గోలు కొడతానని కబురు పంపితే ఎవరికి మండదు?

మంచుబాట

మండిందని ఒప్పుకుంటాను, ఆ మంటకు బాధ్యుడు టేలర్ అని ఒప్పుకోను. ఒట్టావా యజమానులు ఆ ఏడాది టికెట్ల మీద ఎంత సంపాదించారో చూడకుండా విశ్వాసం మాట ఎత్తడం ఆటగాడి ఒక్కడికే చెల్లుతుందా?

వాంకూవర్ తెలుగు గారికి మాత్రం ఒక మాట ఇస్తున్నాను. నేను ఇక్కడే ఇంకొక విభాగంలో తొలితరం హాకీ ఆటగాళ్ల పరిచయాలు రాస్తున్నాను. టేలర్ పరిచయంలో 1914 మే 23, 1915 మార్చి కప్పు ఒకే పేరాలో ఉంటాయి, ఓడది ముందు. రాశాక పెట్టేముందు మీకు పంపుతాను. స్మారకం దగ్గరి వివరాలు మీరు సరిచూడాలి.